చప్పనీళ్ళ మర్యాద

సోమవారం. ఎండ.

దిక్కు బాగానే ఉంది. నేనూ బాగానే ఉన్నాను. మామూలు రోజుల్లో ఇంతకన్నా రాయడానికి ఏమీ ఉండదు గాని, కాపలాదారు రోజూ ఏదో ఒకటి రాసి తీరాలని మా తేలుపేట పెద్దల పట్టుదల. బయటివాళ్ళు ఊరి పేరు విని ఇక్కడ తేళ్ళుంటాయేమోనని జంకుతారు. తేళ్ళుండటానికి అసలు నేలే లేదు. పీపాల మీద బల్లలు, బల్లల మీద ఇళ్ళు, కింద సముద్రం. ఆ సముద్రం అడుగున మా పూర్వీకుల కొబ్బరితోటలు ఉన్నాయంటారు. వాటిని చూసినవాళ్ళు ఇప్పుడెవరూ లేరు.

ఈ ఉదయం తరణి బియ్యం తేవడానికి పడవ తీసుకుని గట్టుకు బయలుదేరింది. తరణి నా భార్య, ఆ పడవ నడిపే సరంగు. నేను ఆమె ఇంట్లో ఇల్లరికపు అల్లుణ్ణి, ఆ ఇంటి వెనకగదిలో ఉన్న దిక్కుకు కాపలాదారుణ్ణి. దిక్కు అంటే కంప్యూటర్. ఇక్కడి నీళ్ళ కింద మునిగిపోయిన ఊళ్ళ గోడలున్నాయి, వాటి మధ్య రోజుకో చోటికి జరిగే ఇసుక మేటలున్నాయి. కళ్ళతో చూసి పడవ నడపగల నీళ్ళు కావు. దారి పొడుగునా తేలుతున్న పీపాల్లోని పరికరాలు పంపే కబురంతా విని, పడవ ఎటు తిరగాలో దిక్కు లెక్కగట్టి వైర్‌లెస్‌లో చెబుతుంది. అది ఎడమ అంటే తరణి ఎడమకు తిప్పుతుంది. "మాకు అదే దిక్కు" అని ఊరంతా అనీ అనీ చివరికి దాని పేరే అదైపోయింది.

పడవ ఎక్కబోతూ తరణి నాకు అప్పగింతలు పెట్టింది.

"అమ్మనీ దిక్కునీ చూసుకోండి. వేడెక్కితే ఇద్దరూ నోరిప్పరు."

అత్తయ్య వినలేదనే అనుకుంటున్నాను.

బుధవారం. ఎండ, కాస్త గాలి.

తరణి గట్టుకు చేరింది. బియ్యం ఎక్కిస్తున్నారట. చింతపండు బాగుంది, తెస్తున్నానని అత్తయ్యకు చెప్పమంది.

చెప్పడం అంటే అంత తేలిక కాదు. అత్తయ్య వరహాలమ్మ గారు నాతో నేరుగా మాట్లాడరు. అల్లుడి ఎదుట నిలబడి మాట్లాడటం ఆమె పెరిగిన పద్ధతిలో లేదు. మంచినీళ్ళ గ్లాసైనా నా చేతికివ్వరు, బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంటారు. తరణి ఇంట్లో ఉంటే తరణితో చెప్పిస్తారు, లేకపోతే దిక్కుతో చెబుతారు. వెనకగది గుమ్మంలో ఓరగా నిలబడి, "దిక్కూ, మీ అయ్యగారికి వంకాయ కూర పడుద్దో లేదో కనుక్కో" అంటారు. "మీ పడవ ఎక్కడుందో చెప్పండి" అంటుంది దిక్కు, దానికి వచ్చిన పలకరింపు అదొక్కటే. పడుతుందని నేనూ దిక్కుకే చెబుతాను. మా ఇంట్లో సంభాషణలన్నీ ఇలా ఓ పడవ మీదుగా నడుస్తాయి. అలవాటయ్యాక ఇది నాకు నచ్చింది కూడా.

మధ్యాహ్నం పక్కింటి బుల్లబ్బాయి బాబాయ్ వచ్చి పాత తగువే మళ్ళీ తీశాడు. ఆయన లాంచీ ఇంజన్ల మెకానిక్‌గా పనిచేసి మానేసినవాడు. దిక్కులో ఏం పోయాలన్నది ఆ తగువు.

దిక్కు మెదడు అరచేతిలో పట్టే బిళ్ళ. ఆలోచించేకొద్దీ కాలిపోతుంది. అందుకని దాని మీద ఒక రాగి దిమ్మ బిగించి ఉంటుంది. దిమ్మ లోపల దువ్వెన పళ్ళ సందుల్లాంటి సన్నటి చీలికలు. చిన్న పంపు ఒకటి గాజు జాడీలోని నీళ్ళను ఆ చీలికల్లోంచి నెట్టి, రబ్బరు గొట్టాల గుండా కిటికీ దగ్గరి రేడియేటర్‌కు పంపుతుంది. అక్కడ ఫ్యాన్ గాలికి చల్లబడి నీళ్ళు తిరిగి జాడీకి చేరతాయి. ఇంతే. ఇంజన్లలో పోసే పచ్చ కూలెంట్ పొయ్యరా, తుప్పూ పట్టదు, పాకుడూ పట్టదు అంటాడు బాబాయ్. నిజమే. కానీ అది చిక్కన, మా పంపు చిన్నది. పైగా ఆయన దగ్గరున్న డబ్బా ఆయన పెళ్ళినాటిది. ఇంకొకాయన కొబ్బరినూనె అన్నాడు. నూనెలో కరెంటు పారదు, కారినా భయం లేదు, అదీ నిజమే. అయితే నూనె నీళ్ళంత వేడి మొయ్యదు, రబ్బరు గొట్టాలను ఉబ్బించి పాడుచేస్తుంది. అందరి మాటా విని, మొదటినుంచీ నేను పోసేది చప్పనీళ్ళే.

తేలుపేటలో నీళ్ళు రెండు రకాలు. ఎండపెట్టెల్లో సముద్రపు నీరు ఆవిరై, పైనున్న అద్దానికి పట్టి కారేవి చప్పనీళ్ళు. వాటిని గుల్లలు నింపిన కుండలో పోసి ఉంచితే గుల్లల సారం దిగి రుచి వస్తుంది. అవి మంచినీళ్ళు. చప్పనీళ్ళతో బట్టలుతుకుతాం, గిన్నెలు తొలుస్తాం, మనిషికి మాత్రం ఇవ్వం. ఇంటికొచ్చినవాళ్ళకు చప్పనీళ్ళు ఇస్తే ఇక మా గడప తొక్కొద్దని చెప్పినట్టే. తెగిపోయిన పెళ్ళి సంబంధం గురించి మాట్లాడుతూ "వాళ్ళు చప్పనీళ్ళిచ్చారు" అంటే ఇక వివరాలు అడగరు. కానీ యంత్రానికి కావలసింది అవే. వాటిలో ఏమీ కలిసి ఉండదు, అదే వాటి గొప్పదనం.

ఒక్క పాకుడు భయం మాత్రం ఉంది. దానికని తరణి తెగిన వెండి పట్టీ జాడీలో వేసి ఉంచాను. వెండి ఉన్నచోట పాకుడు పెరగదు. పెళ్ళాం కాలిపట్టీని జాడీలో పెట్టి రోజూ దర్శనం చేసుకుంటున్నాడని ఊళ్ళో అంటారు. అంటే అననీ.

శుక్రవారం. మబ్బు.

ఆగ్నేయాన వాయుగుండం. పడవ బియ్యంతో బయలుదేరాక తెలిసింది. వెనక్కి తిరగడానికి ఆలస్యమైపోయింది, ముందుకు రావడానికి అలలు ఎత్తుగా ఉన్నాయి. తరణి సగం మునిగిన పాత లైట్‌హౌస్ చాటున లంగరు వేసింది. మంచి పని చేసింది. గాలి తగ్గగానే పొద్దుటి పోటుతో లోపలికి వచ్చేస్తానంది.

రాయాల్సిన విషయం మరొకటి ఉంది. లైట్‌హౌస్ చాటుకు దారి చెప్పేటప్పుడు దిక్కు మాట తడబడింది. తరణి స్థానం చెబితే వెంటనే బదులిచ్చేది, ఇవాళ ఆగి ఆగి చెప్పింది. మెదడు బిళ్ళ వేడి చూస్తే ఎప్పుడూ లేనంత ఉంది. బాగా కాలితే దిక్కు తనంతట తను ఆలోచన నెమ్మది చేసుకుంటుంది, ఇంకా కాలితే ఆగిపోతుంది. ఇలాగే ఉంటే మేటల మధ్య మలుపుకు మలుపు చెప్పలేదు.

ఊళ్ళో అందరం ఎండపెట్టెలు మూసి తాళ్ళతో కట్టేశాం. తుఫానుకు ముందు ఎవరైనా చేసేదే ఇంకొకటి, ఉన్న చప్పనీళ్ళన్నీ గుల్లకుండల్లో పోసి మంచినీళ్ళు చేసి దాచుకున్నారు. చప్పనీళ్ళు దాచుకునేవాళ్ళు ఎవరుంటారు.

శనివారం. వాన, గాలి.

ఫ్యాన్ తుడిచాను. రేడియేటర్ సందుల్లోని దుమ్ము దులిపాను. పంపు తిరుగుతోంది, గొట్టాల్లో గాలి బుడగలు లేవు. అయినా వేడి దిగడం లేదు. బాబాయ్ తడుస్తూ వచ్చి, పచ్చది పొయ్యమంటే విన్నావా అన్నాడు. ఆయన డబ్బా మూత తీసి చూపించాను. లోపల పచ్చది లేదు, గోధుమరంగు జావ ఉంది. అప్పటికి ఊరుకున్నాడు.

తరువాత మధ్యాహ్నం తరణి వైర్‌లెస్‌లో మాట్లాడింది. లంగరు తాడు లైట్‌హౌస్ రాళ్ళకు ఒరుసుకుని నలుగుతోందట. ఒక పోగు తెగింది. రేపు పొద్దుటి పోటుకు బయలుదేరాలి, మరోదానికి ఆగితే తాడు ఉండదు అంది. ఆమె చెబుతుండగానే దిక్కు ఆగిపోయింది. వైర్‌లెస్ వేరే కాబట్టి తరణి గొంతు మాత్రం వస్తూనే ఉంది. "దిక్కు పలకడం లేదేంటండీ" అని అడిగింది. పొద్దున్నకు పలుకుతుందని చెప్పాను. ఎలా పలుకుతుందో నాకు తెలియదు.

జాడీ దగ్గర కూర్చుని చూస్తే పట్టీ కనబడింది. మొన్నటిదాకా మెరుస్తూ ఉండేది, ఇప్పుడు తెల్లటి పెచ్చు కట్టి ఉంది. తీసి గోటితో గీరితే సున్నంలా రాలింది. చప్పనీళ్ళలో సున్నం ఎక్కడిది? చెంచాతో జాడీలోని నీళ్ళు తీసుకుని నాలుక మీద వేసుకున్నాను.

కమ్మగా ఉన్నాయి.

నేను తల తిప్పేసరికి గుమ్మంలో అత్తయ్య ఉన్నారు. ఓరగా కాదు, ఎదురుగా. ఆమె నా ముఖం చూసి మాట్లాడటం అదే మొదలు.

"నేనేనండి అల్లుడుగారూ. కొన్నాళ్ళనుంచీ రోజూ పొద్దున్నే ఒక చెంబు తీసేసి, ఒక చెంబు మంచినీళ్ళు పోస్తన్నాను. నా కూతుర్ని ఇంటికి తోలుకొచ్చేది అదే కదండీ. దానికి చప్పనీళ్ళు పోస్తుంటే నాకు చూడబుద్ధి కాలేదు."

ఇంట్లో బిందెలో నిలవనీళ్ళు పారబోసి తాజావి పట్టినట్టే దిక్కుకూ పట్టారు. రోజూ కొత్త గుల్లసారం. ఆ సారమంతా కాలే రాగి మీద గార కట్టి చీలికలు పూడ్చేసింది. నాకు కోపం వచ్చింది. ఒక్కమాట నన్నడగాల్సింది అని గట్టిగానే అన్నాను. దిక్కును అతిథిగా చూసిన మనిషి మీద ఎంతసేపని కోప్పడతాను? ఈ ఊళ్ళో దానికి అంత మర్యాద చేసినవాళ్ళు మరొకరు లేరు.

"పిల్ల ఇల్లు చేరుద్దంటారా?" అని అడిగారు.

"చప్పనీళ్ళు దొరికితే చేరుతుంది అత్తయ్యా."

శనివారమే. సాయంత్రం.

గార వదిలించడానికి దూరం పోనక్కరలేకపోయింది. ఇత్తడి చెంబులు దేనితో తోముతామో రాగికీ అదే. అత్తయ్య చింతపండు నానబెట్టి, పలచటి పులుసు తీసి, మెత్తటి గుడ్డలో రెండుసార్లు వడకట్టి ఇచ్చారు. పిప్పి ఒక్క పలుకు వెళ్ళినా చీలికల్లో ఇరుక్కుంటుంది. దిక్కు ఆగే ఉంది కాబట్టి పంపు ఒక్కదాన్నే నడిపి పులుసు తిప్పాను. కాసేపటికి జాడీలో నురగలొచ్చి, పులుసు తెల్లబడింది. పారబోసి మళ్ళీ తిప్పాను. తరువాత మంచినీళ్ళతో పులుపు పోయేదాకా కడిగాను. ఇప్పుడు దిమ్మ శుభ్రం. ఆఖరుసారి కడగడానికి, నింపడానికి చప్పనీళ్ళు కావాలి. మూడు చెంబులైనా ఉండాలి.

వాననీళ్ళు పట్టి చూశాను. గాలికి సముద్రపు తుంపర కలిసి ఉప్పగా ఉన్నాయి. ఉప్పు రాగిని తినేస్తుంది. మంచినీళ్ళతోనే నింపితే ఒక్క పూటకు ఏమవుతుందని బాబాయ్ అన్నాడు. ఒక్క పూటే అయితే నిజంగానే ఏమీ కాకపోవచ్చు. కానీ ఈ పూట లెక్కలో తప్పు రావడానికి వీల్లేదు. పైగా గాలి తగ్గేదాకా ఎన్ని పడవలు లోపలికి రావాలో ఎవరికి తెలుసు. నేను ఒప్పుకోలేదు.

అంతలో అత్తయ్య ఇడ్లీ తెచ్చారు. పొద్దుటినుంచి నేనేమీ తినలేదట. పొయ్యి మీంచి దింపిన పాత్రను అలాగే తెచ్చి నా ముందు మూత తీశారు. మూత అంచునుంచి వేడి చుక్కలు నా చేతి మీద పడ్డాయి. ఎందుకో నాలుకతో అద్దాను. ఏ రుచీ లేదు. మళ్ళీ చూశాను. చప్పగా ఉన్నాయి.

మా ఇద్దరి చూపులూ ఆ మూత మీదే ఆగిపోయాయి.

మూత తిరగేసి పెట్టి, దాని బొడిపె కింద పై పళ్ళెంలో చిన్న గిన్నె ఉంచితే, ఆవిరి మూతకు పట్టి బొడిపె మీదుగా గిన్నెలోకే కారుతుంది. మూత పైన తడిగుడ్డ వేస్తే ఇంకా త్వరగా కారుతుంది. కానీ ఒక పాత్రకు ఎంతసేపటికో ఒక గ్లాసు. మా ఒక్క పొయ్యితో తెల్లారేలోపు కాదు. వరసలో ఇళ్ళన్నీ పొయ్యి వెలిగించాలి. ఎవరో ఒకరు వెళ్ళి అడగాలి.

నేను వెళతానన్నాను. అత్తయ్య వద్దన్నారు. "నేను చేసిన పనండి. నేనే అడుగుతాను."

ఆమె అడగడం నేను మా మెట్టు మీంచి చూశాను. నలభై ఏళ్ళుగా ఈ వరసలో ఏ గుమ్మంలోనూ చెయ్యి చాచని మనిషి. వానలో తాటాకు గొడుగు పట్టుకుని, బల్ల మీద జారకుండా ఒక చేత్తో తాడు పట్టుకుని, ఇంటింటికీ ఆగి ఒకే మాట అన్నారు.

"మా ఇంటికి చప్పనీళ్ళు ఇయ్యండమ్మా."

మొదటి ఇంటావిడ చెవులు మూసుకుంది. రెండో ఇంటివాళ్ళు మావల్ల ఏం తప్పు జరిగిందండీ అని ఏడుపు ముఖం పెట్టారు. అత్తయ్య అందరికీ ఓపిగ్గా చెప్పారు. తన తప్పు దాచకుండా చెప్పారు. చివరికి బాబాయ్ ఇంటి గుమ్మంలో ఆగితే, ఆయన గొంతు నాకు ఇక్కడికి వినబడింది. "ఇడ్లీ పిండి ఉందా వదినా, లేక ఉత్తి పాత్రే పెట్టాలా?"

కొందరు పిండి వేశారు, కొందరు ఉత్తి నీళ్ళే కాచారు. పొయ్యి ఎలాగూ వెలిగింది కదా అని వరసంతా ఇడ్లీ వండుకుంది. గిన్నెలు, లోటాలు, ఒక పిల్లాడి పాల గ్లాసు, ఒక్కొక్కటే వచ్చాయి. ప్రతిదాన్నీ రుచి చూశాను. ఒకటి మాత్రం ఉప్పగా ఉంది. పాత్ర సరిగ్గా కడగలేదని అత్తయ్యే వెనక్కి పంపారు.

ఆదివారం. గాలి తగ్గింది.

వెలుగు రాకముందే నింపడం అయిపోయింది. పట్టీని కూడా పులుసుతో తోమి జాడీలో వేశాను. గాలి బుడగలు పోవడానికి గొట్టాలను చేత్తో నొక్కుతూ కూర్చున్నాను. తరువాత దిక్కును లేపాను.

"మీ పడవ ఎక్కడుందో చెప్పండి."

పోటు మొదలయ్యేసరికి తరణి మిగిలిన తాడు తనే కోసుకుని బయలుదేరింది. తుఫాను మేటలన్నిటినీ చోటు మార్చేసింది. నిన్నటి దారి ఇవాళ ఇసుక. దిక్కు ఎడమ అంది, కుడి అంది, ఆగమంది, కొంచెం వెనక్కి అంది. ఒక్కో మాట తరణి అడిగీ అడగకముందే వచ్చింది. వేడి ఒక మెట్టు ఎక్కి అక్కడే నిలబడింది. అత్తయ్య నా పక్కన నేల మీద కూర్చుని, అది ఎడమ అన్నప్పుడల్లా తల ఎడమకు ఊపారు. ఒకచోట దిక్కు ఏమీ అనలేదు. నేను వేడి చూశాను, ఎక్కలేదు. అప్పుడు దిక్కు, "తిన్నగా రండి" అంది. ఇక చెప్పవలసిన మలుపులు లేవట.

కిటికీలోంచి పడవ కనిపించాక నేను ఏడ్చాను. అత్తయ్య చూడనట్టు నటించారు.

వరసంతా రేవు బల్ల మీదే ఉంది. తరణి తాడు విసిరి, పడవ కట్టి, బియ్యం తడవలేదని మొదట అదే చెప్పింది. కళ్ళు లోతుకు పోయాయి, చేతులు బొబ్బలెక్కాయి. బయటినుంచి వచ్చిన మనిషికి ముందు గ్లాసుడు మంచినీళ్ళివ్వడం మా పద్ధతి. అత్తయ్య గ్లాసు పట్టుకుని ముందుకు వెళ్ళారు. తరణి ఒక గుక్క తాగి ఆగిపోయింది. గ్లాసులోకి చూసింది, తల్లి ముఖంలోకి చూసింది. రేవులో అందరికీ ఆ చూపు అర్థమైంది.

"నేనేం చేశానమ్మా? చప్పనీళ్ళు ఇస్తున్నావేంటి?"

"నిన్ను తెచ్చినయ్యి ఈ నీళ్ళేనే" అన్నారు అత్తయ్య. "నింపగా ఈ గ్లాసుడు మిగిలినయ్యి. ఇంటింటికీ తిరిగి అడుక్కొచ్చాను. నీకోసం దాచాను. తాగు."

తరణికి ఏమీ అర్థం కాలేదు. నా వైపు చూసింది. తరువాత చెబుతానన్నట్టు తలూపాను. ఆమె గ్లాసెత్తి, మధ్యలో ఆపకుండా, అడుగుదాకా తాగింది.

అత్తయ్య గ్లాసు తీసుకున్నారు. మళ్ళీ ఇంట్లోకి వెళ్ళి, పొయ్యి మీది మూత కింద కారినవి పట్టుకుని తిరిగొచ్చారు. బల్ల మీద పెట్టి పక్కకు తప్పుకుంటారనుకున్నాను. ఆమె తప్పుకోలేదు. నా ఎదురుగా నిలబడి, గ్లాసు నా చేతికే ఇచ్చారు.

"మీరూ తీసుకోండి అల్లుడుగారూ" అన్నారు.